తమ్ముడి పేరు మీద 5 లక్షలు పరిశోధనకి ఇద్దామంటే ఇంట్లో వద్దంటున్నారు

గోదారి_గట్టు
మాది రాజమండ్రి. మా తమ్ముడు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే కండరాలు క్షీణించే జబ్బుతో పోయాడు, 21 ఏళ్లకి. వచ్చే కార్తీకానికి పదేళ్లు. ఆ జబ్బు పేరు మాకు తెలిసేసరికే వాడికి ఏడేళ్లు. అయిదో ఏట నుంచే పడిపోతూ ఉండేవాడు. కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు వేసి, తొడలు పట్టుకుని పైకి పాకినట్టు లేచేవాడు. పిక్కలు మాత్రం గట్టిగా, లావుగా ఉండేవి. మా నాయనమ్మ దిష్టి తీసి "పహిల్వాను పిక్కలు రా నీవి" అని మురిసిపోయేది. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు ఎక్కువ వచ్చాయని, లివర్ జబ్బనుకుని ఒక డాక్టరు రెండేళ్లు లివర్ మందులు వాడించారు.
జబ్బేంటో తెలిసిన నెలలోనే నాన్న వాడి పేరు మీద ఎఫ్‌డీ వేశారు. "ఏదో ఒక రోజు మందు వస్తుంది, అప్పటికి చేతిలో డబ్బుండాలి" అనేవారు. మందు రాలేదు. ఎఫ్‌డీ మాత్రం తిరగేస్తూ వచ్చాం, ఇప్పుడు 5 లక్షల పైచిలుకు అయింది. ఈ జబ్బుల మీద పనిచేసే ఏదైనా యూనివర్సిటీకి ఇద్దామని నా ఆలోచన. పెదనాన్న అన్నదానం అంటున్నారు, అత్తయ్య అనాథాశ్రమం అంటోంది. అమ్మ ఏమీ అనదు. ఇంత చిన్న మొత్తం పరిశోధనకి పనికొస్తుందా? ఎవరికి, ఎలా ఇవ్వాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

బెంజ్_సర్కిల్
మీ బాధ అర్థమైంది అక్కా. కానీ నేనైతే ఇవ్వను. యూనివర్సిటీకి ఇస్తే అది ఏ ఏసీకో, ఏ సెమినార్ భోజనాలకో పోతుంది. పరిశోధనకి కోట్లు కావాలి. అదే 5 లక్షలతో పది మంది పిల్లలకి మంచి వీల్‌చైర్లు వస్తాయి. కళ్ల ముందు కనపడుతుంది.

కిట్టు_ఫిజియో
బెంజ్ అన్నమాటలో సగం నిజం ఉంది. నా దగ్గరికి వచ్చే డుషెన్ పిల్లల్లో చాలామందికి రాత్రిపూట మడమకి వేసుకునే స్ప్లింట్ కూడా ఉండదు. సాగదీసే వ్యాయామం రోజూ చేయించాలని తల్లికి ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఒక్కటి గమనించండి. స్టిరాయిడ్ వాడితే ఈ పిల్లలు ఇంకొన్నేళ్లు ఎక్కువగా నడవగలరని తేలింది కూడా పరిశోధనలోనే. ఆ కొన్నేళ్ల నడకని నేను రోజూ చూస్తున్నాను.

మాస్టారు_కాకినాడ
గోదారి_గట్టు గారూ, మీ పోస్టు చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోయాను. నేను రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ని.
మీ తమ్ముడికి సీపీకే అనే పరీక్ష చేసి ఉంటారు. కండరం చితికితే రక్తంలోకి కారే ఎంజైమ్ అది. పూర్తి పేరు క్రియాటిన్ ఫాస్ఫోకైనేజ్. ఈ ఎంజైమ్ దేని మీద పనిచేస్తుంది? ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం మీద. కండరం ఒక్కసారిగా బిగుసుకోవాలంటే క్షణాల్లో శక్తి అందించేది అదే. దాన్ని 1927లో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.
ఆయన అమెరికా ఎలా వెళ్లారో తెలుసా? మామగారు పోగుచేసిన డబ్బుతో, మా కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ వారు సాయం చేస్తామన్న మాటతో. ఆ ధర్మసంస్థ ఇచ్చిన మాట చివరికి కండరం గుట్టు విప్పడానికి పనికొస్తుందని ఆ రోజు ఎవరూ అనుకుని ఉండరు.
ఇంకో సంగతి. సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లకి, 1945లో, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అది స్ప్రూకి మందు అయింది. కడుపులో బిడ్డకి వెన్నుపాము, మెదడు సరిగ్గా ఏర్పడటానికి ఈ రోజు ప్రతి గర్భిణికీ ఇస్తున్న మాత్ర కూడా అదే.
తోడబుట్టినవాళ్లు పోయిన బాధలోంచి వచ్చిన పని అది. మీరు చేద్దామనుకుంటున్నదీ అదే దారి అమ్మా.

గోదారి_గట్టు
మాస్టారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. వాడి మొదటి సీపీకే 12,400. ఆ అంకె మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. దాని వెనక మన భీమవరం మనిషి ఉన్నాడని మాకు తెలీదు.

బెంజ్_సర్కిల్
మాస్టారూ, కథ గొప్పది. కానీ అది హార్వర్డ్. ఆయన అక్కడికి వెళ్లబట్టే చేయగలిగారు. మన ల్యాబుల్లో ఏం జరుగుతుందో చెప్పండి.

ల్యాబ్_లలిత
నేను చెబుతాను. కండరాల జబ్బుల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయను.
5 లక్షలంటే ఏంటో నా ల్యాబ్ లెక్కలో చూడండి. జేఆర్‌ఎఫ్ స్టైపెండ్ నెలకి 37,000. అంటే ఒక రీసెర్చ్ విద్యార్థికి ఇంటద్దె భత్యం కాకుండా ఏడాది పైన జీతం. ఈ పిల్లల కండరాల్లో కరువయ్యే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ ఉందో లేదో చూడటానికి వాడే యాంటీబాడీ, చిటికెన వేలంత సీసా, మొన్న నేను ఆర్డర్ పెట్టింది 40 వేల పైన పడింది. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒకటి ఉంది. పోయిన వేసవిలో కరెంటు పోయి, బ్యాకప్ కూడా మొండికేస్తే రాత్రి రెండింటికి మేం ముగ్గురం డ్రై ఐస్ మోసుకుంటూ పరిగెత్తాం. అందులో ఉన్నవి పిల్లల కండరం ముక్కలు. ఒక్కోటి ఒక్కో అమ్మ కన్నీళ్లు పెట్టుకుని సంతకం చేసి ఇచ్చింది. అవి కరిగితే మళ్లీ రావు.
పెద్ద గ్రాంట్లు వస్తాయి బెంజ్ గారూ. కానీ వాటిలో ప్రతి రూపాయికీ ముందే పద్దు రాసి ఉంటుంది. ఫ్రీజర్ బ్యాకప్, విజయనగరం నుంచి వచ్చే కుటుంబానికి రైలు టికెట్, పాత రికార్డులు కంప్యూటర్లో ఎక్కించే అమ్మాయి జీతం, వీటికి పద్దు ఉండదు. చిన్న విరాళం పనికొచ్చేది అక్కడే.

బెంజ్_సర్కిల్
ఫ్రీజర్ సంగతి విన్నాక నోట మాట రాలేదు. ఏసీల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డల్లాస్_ప్రసాద్
చిన్న మొత్తాలు కలిస్తే ఏమవుతుందో 2014లో ఇక్కడ చూశాం. ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుందిగా. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం నెత్తిన చల్లనీళ్లు గుమ్మరించుకోవడం. ఏఎల్ఎస్ అసోసియేషన్ ఒక్కదానికే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. చాలామంది ఇచ్చింది చిన్న చిన్న మొత్తాలే. అందులో కొంత డబ్బు జన్యు పరిశోధనకి వెళ్లింది, 2016లో ఎన్‌ఈకే1 అనే జన్యువుకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని తేలింది. మా ఆఫీసులో నీళ్లు పోసుకున్న ఆ రోజు "ఇదంతా ఫోటోల కోసమే" అనుకున్నాను. పొరపాటు నాదే.

వంటింటి_వనజ
అదే ఏడాది మన హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి గారు నీళ్ల బదులు రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు కదా. బకెట్ బియ్యం లేనివాళ్లకి ఇవ్వడం. మనవాళ్ల చేతికి ఏది దొరికినా చివరికి అన్నం దగ్గరికే వస్తుంది, ఎంత ముచ్చటో. గట్టు గారి పెదనాన్న అన్నదానం అన్నదీ ఆ మనసుతోనే. ఆయన్ని తప్పుపట్టకండి.

గోదారి_గట్టు
లేదు వనజ గారూ, తప్పుపట్టను. తమ్ముడిని స్కూలుకి మూడేళ్లు వీపు మీద మోసింది పెదనాన్నే.

ఆడిటర్_అనంత్
పన్ను సంగతి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీకి శాస్త్ర పరిశోధన కోసం ఇస్తే పాత పన్ను విధానంలో మినహాయింపు ఉంది (1961 చట్టంలో సెక్షన్ 80జీజీఏ), నగదు అయితే 2,000 దాటితే చెల్లదు. కొత్త పన్ను విధానం తీసుకున్నవాళ్లకి ఇది రాదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి అందులో సెక్షన్ నంబర్లు వేరు, ఆ మేరకు చూసుకోండి.
ప్రసాద్ గారూ, మీలాంటివాళ్లకి: ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) అయితే విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి మామూలుగా విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ఖాతా ద్వారానే రావాలి. ముందు అడగకుండా పంపకండి.
కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. 2019 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీలు, జాతీయ ప్రయోగశాలల్లో జరిగే పరిశోధనకి ఇచ్చేది కూడా సీఎస్‌ఆర్ (కంపెనీలు లాభంలో కొంత సమాజానికి ఖర్చుపెట్టే పద్దు) లెక్కలోకి వస్తుంది. మీ హెచ్‌ఆర్ వాళ్ల చెవిన వేయండి.

నల్గొండ_నర్సమ్మ
అందరూ ఇవ్వండి ఇవ్వండి అంటున్నారు. నేను ఇంకో వైపు చెప్తా. మాది ఫ్లోరైడ్ ప్రాంతం. మా మేనమామకి వెన్నెముక బిగుసుకుపోయి, లోపల నరాలు నొక్కుకుపోయి కాళ్లు పడిపోయాయి. మా చిన్నప్పుడు ఎన్ని జీపులు వచ్చాయో లెక్కలేదు. రక్తం తీసుకునేవాళ్లు, మూత్రం తీసుకునేవాళ్లు, నిలబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లు. మామని చొక్కా విప్పించి ఎండలో నిలబెట్టారు ఒకసారి. ఫలితమేంటో ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పలేదు. నేను నర్సునయ్యాక తెలిసింది, నరాల మీద ఫ్లోరైడ్ ప్రభావం గురించి మన హైదరాబాద్ డాక్టర్లు మంచి పనే చేశారని. ఆ పని విలువ కాదనను. కానీ ఆ కాగితం మా ఊరికి రాలేదు.
డబ్బిచ్చేవాళ్లు ఆ మాట కూడా అడగాలి. రోగికి తిరిగి చెప్తారా లేదా అని.

ల్యాబ్_లలిత
నర్సమ్మక్కా, మీరన్నది వంద శాతం నిజం. ఇప్పుడు ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా చుక్క రక్తం తీయకూడదు. ఒప్పుకోలు కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. అయినా ఫలితం ఇంటికి చేర్చడం ఇప్పటికీ బలహీనమే. మా ల్యాబ్‌లోనూ. గట్టు అక్కా, విరాళం ఇచ్చేటప్పుడు ఈ షరతు ఉత్తరంలో రాయించండి.

కిరాణా_కిరణ్
రోగికి తిరిగి చేరిన పరిశోధన ఒకటి మా ఇంట్లోనే ఉంది. మేం ఆర్యవైశ్యులం. పాతికేళ్ల కిందట మా బాబాయికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అయిదు, పది నిమిషాల్లో దాని పని అయిపోవాలి. బాబాయికి గంటలు గడిచినా ఊపిరి సొంతంగా రాలేదు. రాత్రంతా వెంటిలేటరు. పిన్ని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వాసవీ అమ్మవారికి మొక్కుకుంటూనే ఉంది. తెల్లారాక లేచాడు. ఎందుకలా అయిందో ఎవరూ చెప్పలేదు.
తర్వాత తెలిసింది. ఆ ఇంజెక్షన్‌ని కరిగించే ఎంజైమ్ లోపం మావాళ్లలో మిగతావాళ్లకంటే సుమారు వంద రెట్లు ఎక్కువట. తరతరాలుగా మాలో మేమే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఒక జన్యు లోపం అలా నిలిచిపోయిందని హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనశాల తంగరాజ్ గారు, అమెరికా వాళ్లు కలిసి 2017లో రాసిన పేపర్లో మా ఉదాహరణే ఇచ్చారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అన్నా మొదట మత్తు డాక్టరుకి ఈ మాట చెప్తాం. పోయినేడు మా అమ్మకి మోకాలు ఆపరేషన్ అయినప్పుడు చెప్తే ఆయన వెంటనే వేరే మందు వాడారు. మాకు అయిన ఖర్చు ఒక్క మాట.

కిట్టు_ఫిజియో
కిరణ్ బ్రో, ఇది మా అసోసియేషన్ గ్రూపులో పెడతాను. మీ పేరు తీసేసి.

శ్రీనివాసపురం_మామిడి
మాది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగే. బెంగళూరు ఐఐఎస్‌సీలోని బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు మా శ్రీనివాసపురం తాలూకాలో పల్లె పల్లెకూ తిరిగి, 45 దాటినవాళ్లని ఏళ్ల తరబడి చూస్తున్నారు. మతిమరుపు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని. పదివేల మందిని చేర్చుకోవాలని లక్ష్యం. మా నాయన కూడా ఉన్నాడు అందులో. ఎమ్మారై తీయించుకున్న రోజు "నా తలకాయలో మామిడి తోట కనపడిందా" అని డాక్టరమ్మని అడిగితే ఆమె పడీ పడీ నవ్విందంట.
ఆ సెంటర్‌కి ఇన్ఫోసిస్ క్రిస్ గోపాలకృష్ణన్ గారు 225 కోట్లు ఇచ్చారు. ఆయన ఇచ్చింది డబ్బు. మా నాయన ఏటా ఒక రోజు తోట పని మానుకుని ఇస్తున్నాడు. రెండూ లేకపోతే ఆ పని జరగదు.

విజయ_బెంగళూరు
డబ్బు కాకుండా ఇవ్వగలిగేది ఇంకోటి ఉంది. మా మామగారు పార్కిన్సన్స్‌తో పన్నెండేళ్లు ఉన్నారు. పోయాక మెదడు దానం చేశాం. ముందే ఆయన చెప్పి సంతకం పెట్టారు. మా బెంగళూరులోని నరాల, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు ఉంది, చాలామందికి తెలీదు. కళ్లు, కిడ్నీలలాగా వేరేవాళ్లకి పెట్టడానికి కాదు, పరిశోధనకే. ఎంత త్వరగా కబురు చేస్తే అంత మంచిది. బంధువులు కర్మకాండకి అడ్డమన్నారు. ముఖం చెక్కు చెదరకుండా ఇచ్చారు, మా ఆయన ఎప్పటిలాగే తలకొరివి పెట్టారు.

బెంజ్_సర్కిల్
ఇంకొక్క ప్రశ్న, మనసులో ఉన్నది అడుగుతున్నా. చివరికి మందు వచ్చినా మనకేంటి? ఎస్‌ఎంఏ అనే, నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బుకి ఇంజెక్షన్ 16 కోట్లు. ఎన్ని టీవీ ఛానళ్లలో చూశాం పసిపిల్లల తల్లిదండ్రులు చేతులు జోడించడం. ప్రభుత్వం అరుదైన జబ్బులకి ఇచ్చేది 50 లక్షల దాకా. మిగతా పదిహేనున్నర కోట్లు ఎవడిస్తాడు?

ల్యాబ్_లలిత
అందుకే ఇక్కడ పరిశోధన కావాలి అంటున్నాను. అదే ఎస్‌ఎంఏకి రిస్డిప్లామ్ అని నోటితో తీసుకునే మందు ఉంది. సీసా 6 లక్షల పైనే ఉండేది. మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో కోర్టుల్లో పోరాడి 2025 అక్టోబరులో 15,900కి తెచ్చింది. ఇక్కడ చేయగలిగినవాళ్లు ఉంటే ధర ఎలా పడిపోతుందో చూడండి.
డుషెన్‌కి ఇంకా ఆ రోజు రాలేదు. డిస్ట్రోఫిన్ జన్యువు మన జన్యువుల్లో చాలా పెద్దవాటిలో ఒకటి, 79 ముక్కలు. ఒక్కో పిల్లాడిలో ఒక్కోచోట తెగి ఉంటుంది. తెగినచోటు దాటించి చదివించే మందు ఒక్కో రకానికి ఒక్కోటి కావాలి. బెంగళూరులో ఈ పిల్లల తల్లిదండ్రులే డార్ట్ అని ట్రస్టు పెట్టి, ఐఐటీ జోధ్‌పూర్‌తో కలిసి ఆ పని చేస్తున్నారు. తల్లిదండ్రులు చందాలేసుకుని ల్యాబ్ పెట్టుకోవడం! మనవైపు పిల్లల్లో ఏ ముక్క ఎక్కువగా తెగుతోందో లెక్క ఉంటేనే వాళ్లు ఏ మందు ముందు చేయాలో తెలుస్తుంది. ఆ లెక్క పాత ఫైళ్లలో పడి ఉంది.

జన్యు_జానకి
ఆలస్యంగా చూశాను. నేను జెనెటిక్ కౌన్సెలర్ని. గట్టు గారూ, అందరూ డబ్బు గురించి చెప్పారు. నేను వేరేది అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఆడతోబుట్టువులు ఉన్నారా? ఈ జన్యు లోపం ఆడవాళ్లలో జబ్బు లేకుండా దాగి ఉండి కొడుకులకి చేరొచ్చు. అది చూసే క్యారియర్ పరీక్ష మీరు గానీ వాళ్లు గానీ చేయించుకున్నారా?

గోదారి_గట్టు
నాకు పెళ్లయింది, పిల్లలు లేరు. భయపడే వద్దనుకున్నాం. ఆ మాట మొదటిసారి బయట రాస్తున్నాను. చెల్లికి మాఘమాసంలో నిశ్చితార్థం. పరీక్ష ఎవరికీ కాలేదు. తమ్ముడికి 2002లో తొడ కండరం ముక్క తీసి చూశారు, జన్యు పరీక్ష కాదు. వాడు లేడు కాబట్టి ఇక ఏమీ తెలీదని చెప్పారు.

జన్యు_జానకి
తెలుస్తుంది. అమ్మతో మొదలుపెట్టండి. ఎక్కువమంది పిల్లల్లో జన్యువులో ముక్కలు పోవడమో, రెట్టింపవడమో జరుగుతుంది. అది ఎమ్ఎల్‌పీఏ అనే రక్తపరీక్షలో అమ్మలోనే కనపడొచ్చు. కనపడితే మీ ఇద్దరికీ అదే చూస్తే సరిపోతుంది. అమ్మకి లేకపోతే కొంచెం చిక్కు, ఎందుకంటే మూడో వంతు పిల్లల్లో ఆ లోపం కొత్తగా పుడుతుంది. అప్పుడు ఆ 2002 కండరం ముక్క కావాలి. మైనంలో దిమ్మ కట్టి దాస్తారు. ఏళ్ల తర్వాత కూడా దాన్నుంచి డీఎన్‌ఏ తీయడానికి ప్రయత్నించొచ్చు. దాని నంబరు ఉందా? మన హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన జబ్బుల కేంద్రంగా ఉన్నాయి, అక్కడ కౌన్సెలింగ్ దొరుకుతుంది.

నల్గొండ_నర్సమ్మ
చెల్లి పెళ్లివాళ్లకి ముందే చెప్పాలా అన్న టెన్షన్ ఉంటుంది నీకు. ముందు మీకు తెలియనీ బంగారం. మిగతాది తర్వాత.

గోదారి_గట్టు
నాలుగు రోజులైంది. రాయడం ఆలస్యమైంది.
మొన్న బీరువా పైన ఉన్న ట్రంకుపెట్టె దించాను. పసుపుపచ్చ ఫైలు. అట్ట మీద నాన్న చేతిరాతతో వాడి పేరు, కింద "జాగ్రత్త" అని. అన్నీ ఉన్నాయి. సీపీకే కాగితాలు తేదీలవారీగా, ఎక్స్‌రేలు, వాడు ఎన్ని మెట్లెక్కాడో నాన్న ప్రతి పుట్టినరోజుకీ రాసుకున్న చీటీలు. ఆరో ఏట 14. ఏడో ఏట 9. ఎనిమిదో ఏట 4. తర్వాత చీటీలు లేవు. బయాప్సీ రిపోర్టు ఉంది, పైన కుడివైపు దిమ్మ నంబరు ఉంది.
ఇన్నాళ్లూ మాట్లాడని అమ్మ ఆ చీటీలు చూసి "మెట్ల లెక్క వాళ్లకి పనికొస్తుందేమో, ఇవ్వు" అంది. నిన్న ముగ్గురం వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాం. పెదనాన్న కారులో తీసుకెళ్లారు.
డబ్బు సంగతి ఒక యూనివర్సిటీ విభాగంతో మాట్లాడాను. రెండు పనులకే అని ఉత్తరంలో రాయించుకుంటున్నాను. దూరం నుంచి వచ్చే కుటుంబాలకి రానుపోను ఖర్చు, మధ్యాహ్నం భోజనం. పాత ఫైళ్లు కంప్యూటర్లో ఎక్కించే మనిషికి జీతం. ఫలితం తెలుగులో రాసి ఇంటికి పంపాలన్నది మూడో వాక్యం. భోజనం మాట విని పెదనాన్న ఆ పద్దుకి తను కూడా 50 వేలు వేస్తానన్నారు.

బెంజ్_సర్కిల్
అక్కా, ఆ ఫైళ్లు ఎక్కించే పని శని, ఆదివారాలు నేను చేస్తాను. డేటా ఎంట్రీ నా ఉద్యోగమే. జీతం వద్దు. ఎవరిని కలవాలో మెసేజ్ పెట్టండి.

ల్యాబ్_లలిత
గట్టు అక్కా, ఆ చీటీలు మడతపెట్టకండి. రెండు వైపులా స్కాన్ తీయించండి. నాన్నగారి రాత కూడా పడాలి.